డ్రైవ్ పోలేదు.. దారి తప్పింది!

• కొత్త విండోస్ వేయగానే మాయమవుతున్న డీవీడీ డ్రైవ్
• మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు
• చదివిన రోజే కాపీ తీసుకుంటే మేలు

భివండి: కంప్యూటర్‌లో కొత్త విండోస్ వేయించారు. తెర తళతళలాడుతోంది. అంతా బాగుందనుకుని బీరువాలోంచి పాత పెళ్లి డీవీడీ తీసి పెట్టారు. ట్రే లోపలికి వెళ్లింది. చిన్న లైటూ వెలిగింది. తెర మీద మాత్రం డిస్క్ గుర్తే లేదు. నిన్నటి దాకా ఉన్న డ్రైవ్ ఏమైనట్టు? "అది పోయిందన్నా, కొత్తది వేయించుడే" అనే మాటే ముందుగా వినిపిస్తుంది. నిజానికి ఎక్కువసార్లు పోయింది డ్రైవ్ కాదు. దానికీ విండోస్‌కూ మధ్య ఉండాల్సిన దారి.

మరమగ్గంపై పోగు తెగితే ఎవరూ మగ్గాన్ని మార్చరు. జాబర్ వచ్చి ఎక్కడ తెగిందో చూస్తాడు, ముడి వేస్తాడు, మళ్లీ నడిపిస్తాడు. డిస్క్ డ్రైవ్‌కూ అదే పద్ధతి. ఖర్చు లేని పనితో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దాటుకుంటూ వెళ్లాలి. మార్చడమన్నది ఆఖరి మెట్టు.

డిస్కుల్లోనే ఊరు

ఠాణే జిల్లాలోని భివండికి మరమగ్గాలే గుర్తింపు. సిరిసిల్ల వాళ్లు సాంచాలు అని పిలిచే ఈ మగ్గాల పని వెతుక్కుంటూ కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు పద్మనగర్, కామత్‌ఘర్ ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. పద్మశాలీలే ఎక్కువ. లగ్గాలు, గృహప్రవేశాలు, పెద్దల దినాలు ఊళ్లో జరిగితే ఇక్కడి వాళ్లలో అందరికీ వెళ్లే వీలుండదు. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది. వెళ్లలేని వాళ్లకు ఊరి వేడుక చేరేది వీడియోలోనే.

2000 తర్వాతి పదేళ్లలో ఆ వీడియోలన్నీ సీడీలు, డీవీడీల్లోకి వచ్చాయి. పాత క్యాసెట్లనూ సీడీల్లోకి మార్పించుకున్నారు. అందులో కనిపించే ముసలివాళ్లలో ఇప్పుడు ఎందరో లేరు. చాలా ఇళ్లలో వేరే కాపీ కూడా లేదు. ఫోన్లోకి ఎక్కించుకోలేదు, పెన్‌డ్రైవ్‌లో దాచుకోలేదు. అందుకే డ్రైవ్ కనిపించకపోతే అది ఒక పాత పరికరం బాధ మాత్రమే కాదు. తొందరపడి కంప్యూటర్‌ను, డిస్క్‌ను కలిపి తుక్కు కింద ఇచ్చేస్తే తిరిగి రానివి చాలా పోతాయి.

ఇప్పుడే ఎందుకు?

పాత విండోస్‌కు గడువు తీరడమే కారణం. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ సాయం ఆపేసింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 వంతూ అయిపోయింది. దీంతో ఇళ్లలో, దుకాణాల్లో, ఫొటో స్టూడియోల్లో ఉన్న కంప్యూటర్లకు కొత్త విండోస్ వేయించడం తప్పనిసరైంది. కొత్తది వచ్చినప్పుడల్లా పాత సాఫ్ట్‌వేర్ల అవశేషాలు కొన్ని లోపల మిగిలిపోతాయి. డ్రైవ్‌కు అడ్డు పడేవి తరచూ అవే. ఈ ఇబ్బంది ఎంత మామూలంటే, దీని కోసమే మైక్రోసాఫ్ట్ తన సహాయ పేజీల్లో విడిగా పరిష్కారాలు రాసి పెట్టింది.

మొదటి ప్రశ్న: ఎవరికి కనిపించడం లేదు?

డ్రైవ్ విండోస్‌కు కనిపించడం లేదా, అసలు కంప్యూటర్‌కే కనిపించడం లేదా? ముందు ఇది తేల్చుకోవాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే ఎఫ్2 లేదా డిలీట్ మీట నొక్కితే బయోస్ తెర వస్తుంది. కంపెనీని బట్టి మీట మారవచ్చు. హార్డ్ డిస్క్‌తో పాటు డీవీడీ డ్రైవ్ పేరు కూడా అక్కడ కనిపిస్తే డ్రైవ్‌కు ప్రాణం ఉన్నట్టే. తప్పు విండోస్ వైపు ఉంది. అక్కడ ఏ సెట్టింగూ మార్చకుండా బయటికి వచ్చేయాలి.

బయోస్‌లోనూ పేరు లేకపోతే వైర్లు చూడాలి. కరెంటు తీసేసి, డబ్బా మూత తెరిచి, డ్రైవ్ వెనక ఉన్న రెండు తీగలను ఊడదీసి గట్టిగా పెట్టాలి. ఒకటి కరెంటుది, రెండోది సమాచారానిది. మగ్గాల షెడ్డు పక్కనే ఉన్న గదుల్లో నేల అదురుతూనే ఉంటుంది కాబట్టి ఈ పని మరవొద్దు. బయట తగిలించుకునే యూఎస్‌బీ డ్రైవ్ అయితే డబ్బా వెనక వైపు ఉన్న పోర్టుకు నేరుగా పెట్టి చూడాలి. ముందు పోర్టు నుంచి, పొడవాటి తీగ నుంచి ఒక్కోసారి దానికి చాలినంత కరెంటు అందదు.

రీస్టార్ట్‌తోనే సగం పని

బయోస్‌లో డ్రైవ్ ఉందని తేలాక విండోస్‌లోకి రావాలి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా లోపలి డ్రైవర్లు పూర్తిగా దిగవు. దాచిపెట్టిన స్థితినే మళ్లీ ఎక్కిస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి.

అప్పటికీ రాకపోతే స్టార్ట్ బొమ్మపై కుడి మీట నొక్కి డివైస్ మేనేజర్ తెరవాలి. అందులో డీవీడీ, సీడీ-రామ్ డ్రైవ్స్ అనే వరుస ఉంటుంది. డ్రైవ్ పేరు పక్కన పసుపు గుర్తు ఉంటే దానిపై కుడి మీట నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. భయం అక్కర్లేదు. సీడీ డ్రైవ్ నడిపే డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. తిరిగి లేవగానే తనే వెతికి తగిలించుకుంటుంది.

పసుపు గుర్తు లేదు, అంతా సరిగానే ఉందని రాసి ఉంది, అయినా డ్రైవ్ కనిపించదు. అప్పుడు అక్షరం గొడవ కావచ్చు. డి, ఈ, ఎఫ్ అంటూ ప్రతి డ్రైవ్‌కూ విండోస్ ఒక అక్షరం ఇస్తుంది. డీవీడీ డ్రైవ్ అక్షరాన్ని పెన్‌డ్రైవో మరొకటో తీసుకుని ఉంటే డీవీడీకి చోటు లేకుండా పోతుంది. స్టార్ట్ బొమ్మపై కుడి మీట నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, కింద సీడీ-రామ్ 0 అన్న చోట కుడి మీటతో వేరే అక్షరం ఇస్తే సరి.

అసలు దొంగ: మిగిలిపోయిన పేర్లు

డివైస్ మేనేజర్‌లో డ్రైవ్‌ను రెండుసార్లు నొక్కితే లోపల ఒక కోడ్ సంఖ్య కనిపిస్తుంది. అక్కడ 19, 31, 32, 39, 41 లాంటి అంకెలు ఉంటే అనుమానించాల్సింది ఫిల్టర్లను.

సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ వేసినప్పుడు అది డ్రైవ్‌కూ విండోస్‌కూ మధ్య తన చిన్న డ్రైవర్‌ను కూర్చోబెడుతుంది. దాన్నే ఫిల్టర్ అంటారు. కొత్త విండోస్ వచ్చాక ఆ పాత డ్రైవర్ పనిచేయదు, లేదా తొలగిపోతుంది. దాని పేరు మాత్రం విండోస్ చిట్టాలో అలాగే ఉండిపోతుంది. డ్రైవ్‌ను లేపే ప్రతిసారీ విండోస్ ఆ పేరును పిలుస్తుంది. పలికేవాడు లేడు. దాంతో డ్రైవ్‌నే పక్కన పెట్టేస్తుంది. పని మానేసి ఊరెళ్లిన మనిషి పేరు హాజరు పుస్తకంలో ఉండిపోయి, అతను వచ్చేదాకా షెడ్డు తెరవనట్టు!

ఆ చిట్టా పేరు రిజిస్ట్రీ. స్టార్ట్‌లో రెజ్ఎడిట్ అని ఇంగ్లిషులో కొడితే తెరుచుకుంటుంది. హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ అనే వరుసలో లోపలికి వెళ్తే పొడవాటి సంఖ్యల పేర్లతో ఫోల్డర్లు కనిపిస్తాయి. వాటిలో 4డి36ఇ965 తో మొదలయ్యేది సీడీ, డీవీడీ డ్రైవ్‌లది. దాన్ని నొక్కితే కుడివైపు అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే పేర్లు ఉండొచ్చు. రెండూ ఉండొచ్చు, ఒక్కటే ఉండొచ్చు. ఉన్నవాటిని తొలగించి రీస్టార్ట్ చేస్తే డ్రైవ్ తిరిగి కనిపించే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ పనిచేయకపోతే దాని కొత్త వెర్షన్ వేసుకోవాలి.

జాగ్రత్త సుమా!

ఇక్కడ తొందర పనికిరాదు. 4డి36ఇ967 తో మొదలయ్యే ఫోల్డర్ కూడా దగ్గర్లోనే ఉంటుంది. తేడా ఒక్క అంకె. అది హార్డ్ డిస్క్‌ది. అందులోని ఫిల్టర్లు విండోస్‌కు కావాల్సినవి. పొరపాటున వాటిని తీసేస్తే కంప్యూటరే లేవకపోవచ్చు. ఫోల్డర్‌ను నొక్కాక కుడివైపు క్లాస్ అన్న చోట సీడీరామ్ అని ఉందో లేదో చూసుకున్నాకే చెయ్యి వేయాలి. ముందుగా ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఆ ఫోల్డర్ నకలు దాచుకోవాలి. తేడా వస్తే దాన్ని నొక్కి పాత స్థితికి తెచ్చుకోవచ్చు. ఇంగ్లిషు మెనూలు అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క పనికి మాత్రం తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది.

డ్రైవ్ ఉంది.. బొమ్మ రాదు

కొందరికి డ్రైవ్ కనిపిస్తుంది, లోపలి ఫోల్డర్లూ కనిపిస్తాయి. సినిమా మాత్రం ఆడదు. ఇందులో డ్రైవ్ తప్పేమీ లేదు. డీవీడీ సినిమా ఆడించే సదుపాయాన్ని విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇవ్వడం మానేసింది. విండోస్ 7లో ఆడిన డీవీడీ కొత్త విండోస్‌లో ఆడకపోవడానికి ఇదే కారణం. ఫ్రాన్స్‌లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన వీఎల్‌సీ ప్లేయర్ ఉచితంగా దొరుకుతుంది. అది వేసుకుంటే వీసీడీ, డీవీడీ రెండూ ఆడతాయి.

ఒక డిస్క్ మాత్రమే ఖాళీగా కనిపిస్తే ఇంకో కారణమూ ఉండొచ్చు. కెమెరాలో, రికార్డర్‌లో నేరుగా రాసిన డీవీడీని చివర్లో ఫైనలైజ్ చేయకపోతే వేరే డ్రైవ్‌లు దాన్ని చదవలేవు. అలాంటిది రాసిన పరికరంలోనే తెరుచుకోవచ్చు.

నుసి సంగతి మరవొద్దు

సీడీలు ఆడతాయి, డీవీడీలు ఆడవు. లేదా డీవీడీలు ఆడతాయి, సీడీలు ఆడవు. ఇలా ఉంటే విండోస్‌ను తిట్టుకుని లాభం లేదు. డ్రైవ్‌లో సీడీకి ఒక లేజర్, డీవీడీకి మరో లేజర్ ఉంటాయి. సీడీ లేజర్ తరంగం 780 నానోమీటర్లు, డీవీడీది 650. ఒకటి బలహీనపడినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది.

భివండిలో ఇంకో శత్రువు గాలిలోనే ఉంది. నూలు నుసి. మగ్గాల నుంచి లేచే ఆ నుసి కంప్యూటర్ ఫ్యానులోకి, అక్కడి నుంచి డ్రైవ్‌లోకి చేరుతుంది. లేజర్ ముందున్న చిన్న అద్దంపై పొరలా పడితే డిస్క్ చదవడం కష్టమే. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో ట్రే తెరిస్తే ఆ అద్దం కనిపిస్తుంది. చేతితో నొక్కే చిన్న గాలి పంపుతో ఊదాలి. నోటితో ఊదితే తేమ పడుతుంది. ట్రే తెరుచుకోక డిస్క్ లోపలే ఉండిపోతే కంప్యూటర్ ఆపేసి, ముందు భాగంలోని సన్నటి రంధ్రంలోకి గుండు పిన్ను లాంటి నిటారైన తీగ నెమ్మదిగా నొక్కితే ట్రే బయటికి వస్తుంది.

డిస్క్‌ను మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి. గుండ్రంగా తుడవకూడదు. సీడీకి మెరిసే పొర ఉండేది పేరు రాసే వైపు, పైపూతకు కాస్త కిందే. బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన కాగితాన్ని పీకినా సీడీ పాడవుతుంది. ఇళ్లలో రాసుకునే డిస్కుల్లో సమాచారం రంగు పూతలో ఉంటుంది. ఎండ, వేడి దానికి పడవు. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన డిస్క్ కంటే కింద బీరువాలో నిలబెట్టిన డిస్క్ ఎక్కువ కాలం ఉంటుంది.

చదివిందా.. వెంటనే కాపీ

ఇన్ని మెట్లు ఎక్కాక డిస్క్ తెరుచుకుంటే చూస్తూ కూర్చోవడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అందులో ఉన్నదంతా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. డీవీడీలో వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ మొత్తం, వీసీడీలో ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్ మొత్తం తీసుకోవాలి. సీడీలో సుమారు 700 ఎంబీ, మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. ఒక 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పది డీవీడీలు హాయిగా ఇముడుతాయి. ఒక డ్రైవ్ చదవలేక ఆగిపోతే ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. ఒకటి చదవలేని డిస్క్‌ను మరొకటి చదవడం మామూలే.

కొత్త కంప్యూటర్లలో డిస్క్ డ్రైవ్ దాదాపు రావడమే లేదు. ఇంట్లో ఉన్న పాత డ్రైవ్ పనిచేస్తున్నంత కాలమే ఈ అవకాశం. ఒక కాపీ భివండి ఇంట్లో, మరొకటి ఊళ్లో తమ్ముడి దగ్గరో మేనమామ దగ్గరో ఉంచితే ఒకచోట పోయినా రెండోచోట మిగులుతుంది. వచ్చే పండక్కి ఊరెళ్లేటప్పుడు సంచిలో ఆ పెన్‌డ్రైవ్ కూడా వేసుకుంటే సరి.