పిల్లి మనసు చదివితే...

ఇంద్రావతి వెళ్లి గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది భోపాలపట్నం. బస్తర్‌లో తెలుగు వినిపించే ప్రాంతమిది. ఇక్కడి పల్లెల్లో పండిన వడ్లు ఇంట్లోనే నిల్వ ఉంటాయి. ధాన్యం ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి. ఇది చాలా పాత పొత్తు. సైప్రస్‌లో 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికినట్లు 2004లో పరిశోధకులు వెల్లడించారు.

అయినా పిల్లికి విశ్వాసం లేదన్న అపవాదు పోలేదు. తప్పు పిల్లిది కాదు, దాన్ని కుక్కతో పోల్చే మనిషిది. కుక్క పూర్వీకులు గుంపుగా వేటాడే తోడేళ్లు. పిల్లికి మూలమైన ఆఫ్రికా అడవి పిల్లిది ఒంటరి వేట. అందుకే అది ఆజ్ఞలకు లొంగదు. కానీ మాట్లాడుతుంది. ఎదిగిన పిల్లులు తమలో తాము 'మ్యావ్' అనుకోవడం అరుదు. ఆ పిలుపు ఎక్కువగా మనిషి కోసమే. కాళ్లకు బుగ్గలు రుద్దడమంటే తన వాసన అంటించి 'నావాళ్లు' అని గుర్తు పెట్టుకోవడం. నెమ్మదిగా కళ్లార్పి చూపిన మనుషుల దగ్గరికి పిల్లులు చొరవగా వస్తాయని 2020లో బ్రిటన్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధన తేల్చింది.

తోక విసురుతూ చెవులు వెనక్కి వాల్చితే మాత్రం వదిలేయాలి. ఆ హెచ్చరికను పట్టించుకోకుంటే రక్కుతుంది, కరుస్తుంది. అప్పుడు గాయాన్ని 15 నిమిషాలు సబ్బు నీటితో కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇంకొకటి: చలాకీగా తిరిగే పిల్లి మూలకు చేరి తిండి మానేస్తే అది అలక కాదు, జబ్బు కావచ్చు. నొప్పిని దాచుకోవడం దాని నైజం. కనిపెట్టాల్సింది మనిషే.