కలలో తెలివి

కలలో మీరు చెరువు మీదుగా ఎగిరిపోతున్నారు. రెక్కలు లేవు, అయినా ఆశ్చర్యం కలగదు. ఎప్పుడో పోయిన తాతగారు ఎదురుపడి పలకరిస్తారు, అదీ వింతగా తోచదు. తెల్లవారి లేచాక గాని, "అరె, ఇదంతా ఎట్లా నమ్మాను?" అనిపించదు.

కాని ఒక్కొక్కప్పుడు కొందరికి కల మధ్యలోనే, "ఇది కల!" అని తెలిసిపోతుంది. తెలిసినా నిద్ర చెదరదు, కల సాగుతూనే ఉంటుంది. మీలో కొందరికి ఇట్లా జరిగే ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో చెబితే, "సగం మెలకువలో ఏదో అనుకున్నావులే!" అని పెద్దవాళ్ళు కొట్టిపారేసి ఉంటారు. శాస్త్రజ్ఞులలో కూడా చాలామంది చాలాకాలం ఆ మాటే అన్నారు.

నెదర్లాండ్స్ దేశపు వైద్యుడూ రచయితా అయిన వాన్ ఏడెన్ 1913లో ఇటువంటి కలకు "లూసిడ్ డ్రీమ్" అని పేరు పెట్టాడు. నిద్రలేవటాన్ని మనం "తెలివి రావటం" అంటాం గనక, దీన్ని తెలివికల అనుకుందాం.

తెలివికలలను పట్టుదలగా పరిశీలించిన వారిలో ఎర్వే ద సాన్ దెనీ ఒకడు. అతను 1822లో ఫ్రాన్సులో పుట్టాడు. పదమూడో ఏట ఒకనాడు తనకు వచ్చిన కలను బొమ్మగా వేశాడు. అది మొదలు, లేవగానే రాత్రి వచ్చిన కలలు రాసిపెట్టటం అలవాటు చేసుకున్నాడు. మొదట్లో కొన్ని కలలు గుర్తుండేవి కావు. రాయగా రాయగా జ్ఞాపకం పదునెక్కింది. కొన్ని నెలలు గడిచాక, కలలో ఉండగానే అది కల అని తెలియసాగింది.

అతన్ని ఒక పీడకల వేధించేది. భయంకరమైన ఆకారాలు తరుముతూంటే, అతను ఒక గదిలోంచి మరొక గదిలోకి పరిగెత్తి తలుపులు మూసేవాడు. ఆ తలుపులు తెరుచుకునేవి, ఆకారాలు వెంట పడేవి. చివరికి ఒక రాత్రి, పరిగెత్తుతూండగానే అది కల అని స్ఫురించింది. అప్పుడతను పారిపోలేదు. గోడకు వీపు ఆనించి నిలబడి, వాటిలో ఒకదాన్ని తేరిపార చూశాడు. అది పెద్ద చర్చి గోడమీద చెక్కే వికార విగ్రహంలాగా ఉన్నది. అతను చూస్తూండగానే దాని రూపు చెదిరి, గాలికి ఊగే పాతగుడ్డ పేలికలుగా మారిపోయింది! ఎంత ధైర్యం! కల అని తెలిసినా, ఆ క్షణంలో వెనక్కు తిరగటం తేలిక కాదు.

ఈ అనుభవాలన్నీ అతను 1867లో పుస్తకంగా వేశాడు. తన పేరు మాత్రం వేసుకోలేదు.

కాని ఇదంతా ఒక మనిషి చెప్పిన మాటే గదా? నిద్రపోయేవాడు, "నేను కల కంటున్నాను, ఆ సంగతి నాకు తెలుసు," అని నిద్రలో ఉండగానే మనకు చెప్పేదెట్లా?

ఆ దారి ఒక ఎనిమిదేళ్ళ పిల్లవాడి మూలంగా తెరుచుకున్నది. 1951లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో చదువుతున్న అసెరిన్‌స్కీ, తన కొడుకు ఆర్మండ్ కళ్ళ పక్కన తీగెలు అంటించి పడుకోబెట్టాడు. తీగెలకు తగిలించిన యంత్రం, కనుగుడ్లు కదిలినప్పుడల్లా కాగితం మీద గీతలు గీస్తుంది. కొంతసేపటికి గీతలు జోరుగా ఎగిరాయి. కుర్రాడు లేచాడనుకుని వెళ్ళి చూస్తే, వాడు గాఢనిద్రలో ఉన్నాడు! మూసిన రెప్పల కింద కళ్ళు గబగబా కదులుతున్నాయి. అటువంటి సమయంలో పెద్దవాళ్ళను లేపి అడిగితే, చాలామంది కల కంటున్నామన్నారు. అసెరిన్‌స్కీ, ఆయన గురువు క్లైట్‌మన్ కలిసి ఈ సంగతి 1953లో ప్రకటించారు.

ఆ నిద్రలో కాళ్ళూ చేతులూ దాదాపు కదలవు. కలలో పరిగెత్తినా మనం మంచం దిగకుండా ఉండేది ఇందుచేతనే. ఊపిరి తీసే కండరాలూ, కళ్ళూ మాత్రం పని చేస్తాయి. మరి కళ్ళతోనే సైగ చేయిస్తే?

ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ ఈ పనే చేశాడు. అలన్ వర్స్‌లీ అనే వ్యక్తికి తెలివికలలు తరచు వచ్చేవి. కల అని తెలియగానే కళ్ళను కుడికీ ఎడమకూ ఇన్నిసార్లు తిప్పాలని ఇద్దరూ ముందే అనుకున్నారు. 1975 ఏప్రిల్ 12 ఉదయం, వర్స్‌లీ నిద్రలో ఉండగానే, అనుకున్న సైగ కాగితం మీద పడింది. సాన్ దెనీ పుస్తకం వచ్చిన 108 ఏళ్ళకు రుజువు దొరికింది! కొద్ది ఏళ్ళకు అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ కూడా, హెర్న్ సంగతి తెలియకుండానే, ఇట్లాగే రుజువు చేశాడు. కలలో పది లెక్కపెట్టటానికి, మెలకువలో పట్టేటంత సేపే ఇంచుమించు పడుతుందని కూడా చూపాడు.

2021లో నాలుగు దేశాల శాస్త్రజ్ఞులు ఇంకా ముందుకు వెళ్ళి, కల కంటున్నవాళ్ళను లెక్కలు అడిగారు! "ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత?" అంటే, నిద్రపోతున్న ఒకతను కళ్ళను రెండుసార్లు తిప్పి జవాబు చెప్పాడు. సగానికి పైగా ప్రశ్నలకు ఉలుకూ పలుకూ లేకపోయింది. ఒకరికి మాత్రం ఆ ప్రశ్న కలలోని రేడియోలోంచి వినిపించిందట.

తల్లిదండ్రులకు ఒక మాట: తెలివికల కోసమని పిల్లల్ని అర్ధరాత్రి లేవనివ్వకండి. ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పీడకల వచ్చిందని పిల్లవాడు ఏడిస్తే, మర్నాడు పగటిపూట ఆ కథ వాడిచేతనే చెప్పించండి. చివర ఎట్లా మారిస్తే బాగుంటుందో వాడినే చెప్పమనండి. మార్చిన కథను రోజూ కొంచెంసేపు మనసులో తలుచుకోవటం పీడకలలకు వైద్యులు చేయించే పనే.

పిల్లలు చేయదగినది సాన్ దెనీ చేసిన పని. తలాపున నోటుపుస్తకం, పెన్సిలూ పెట్టుకుని, తెల్లవారి కళ్ళు తెరవగానే, పక్క మీంచి లేవకముందే, గుర్తున్నంత రాయాలి. పగలు అప్పుడప్పుడు, "ఇది కలా, నిజమా?" అని ప్రశ్నించుకోవటం అలవాటైతే, కలలో కూడా ఆ ప్రశ్న రావచ్చు. వచ్చినప్పుడు ఎదుట ఏదైనా రాత ఉంటే ఒకసారి చదవండి. తల తిప్పి మళ్ళీ చదవండి. కలలో రాత నిలకడగా ఉండటం అరుదు. అక్షరాలు మారిపోయాయా, మీరింకా పక్క మీదే ఉన్నారన్న మాట.