బుల్లి హెలికాప్టరు ఎక్కేముందు

సికింద్రాబాదులో అల్వాల్, బొల్లారం వైపు కాపురమున్న వాళ్ళకి హెలికాప్టరు చప్పుడు కొత్తేమీ కాదు. వైమానికదళం వారి హెలికాప్టరు శిక్షణ పాఠశాల పక్కనే హకీంపేటలో ఉంది. డాబామీద వడియాలు పెట్టుకుంటూంటే నెత్తిమీంచి చేతక్‌లు పోతూంటాయి, తూనీగల్లాగా. ఇప్పుడు పెళ్ళిళ్ళకీ జాతరలకీ కూడా హెలికాప్టర్లు వస్తున్నాయి. 2020లో బేగంపేట నుంచి మేడారం జాతరకి నడిపారు. అందుచేత మనబోటివాళ్ళం కూడా నాలుగు ముక్కలు తెలుసుకుని ఉండాలి.

చిన్నది, తేలికైంది, భయమేముందిలే అనుకుంటాం. ఆ తేలికతనంలోనే ఉంది చిక్కంతా. కుమ్మరి సారెని చూశారు కదూ? బరువైంది కనుక ఒకసారి కర్రతో తిప్పి వదిలితే చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. పిల్లల కాగితం గాలిమర అయితే గాలి ఆగీ ఆగగానే నిలిచిపోతుంది. హెలికాప్టరు రెక్కలూ అంతే. అమెరికాలో తయారయ్యే రాబిన్సన్ ఆర్-22 అని ఇద్దరు పట్టే హెలికాప్టరు ఉంది. ఖాళీగా ఉంటే సుమారు 400 కిలోలు. ఇంజను ఆగితే పైలట్‌కి దొరికే వ్యవధి ఒకటి రెండు సెకండ్లే. ఆలోపల చేతికిందున్న లీవరు దించి రెక్కల వాలు తగ్గించాలి. అప్పుడు కిందినుంచి ఎదురొచ్చే గాలే రెక్కల్ని తిప్పుతుంది. నేల దగ్గరపడ్డాక లీవరెత్తి మెల్లిగా దింపుతాడు. దింపుతుంది అని కూడా అనాలి, హకీంపేటలో ఆడపిల్లలూ ఈ విద్య నేర్చుకున్నారు మరి! రాబిన్సన్ నడిపేవాళ్ళకి ప్రత్యేక శిక్షణ ఉండి తీరాలని 1995లో అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టింది.

అయితే ఈ ఉపాయం పారాలంటే ఎత్తయినా ఉండాలి, వేగమైనా ఉండాలి. తాటిచెట్టెత్తున కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఆగితే ఎంత చెయ్యితిరిగిన పైలటైనా చెయ్యగలిగింది తక్కువ. పూలు చల్లటానికని ఊరేగింపు మీద అలా నిలబెట్టించటం నాకు బొత్తిగా నచ్చదు.

ఈ ప్రమాదాలు మనకి దూరమేం కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు కైకలూరు దగ్గర పోయినప్పుడు ఎక్కింది బెల్ 206 అనే చిన్న హెలికాప్టరే. 2009 సెప్టెంబరు 2న బేగంపేటలో బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి బెల్ 430 నల్లమలలో కూలి ఐదుగురూ పోయారు. దానికి రెండు ఇంజన్లున్నాయి. చెడు వాతావరణం ఒక ముఖ్యకారణమని విచారణలో తేలింది.

చిన్న హెలికాప్టర్లు చాలామటుకు కంటితో చూసి నడపవలసినవే. మబ్బులో దూరితే ఏది పైనో ఏది కిందో తెలీదు. గిర్రున తిరిగి ఆగిన పిల్ల ఇంకా తిరుగుతున్నాననుకోదూ, అలాగన్నమాట. కనుక పైలట్ "ఇవాళ వద్దు" అంటే ముహూర్తం మించిపోతోందని బతిమాలకండి. డబ్బు కట్టాం కదా అని దబాయించకండి.

మీ బరువడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. మొహమాటపడి పది కిలోలు తగ్గించారో, ఎండాకాలంలో మరీ ఇబ్బంది. వేడిగాలి పల్చన, రెక్కలకి పట్టు చిక్కదు.

ఎక్కేటప్పుడు కొంగు గట్టిగా దోపుకోండి. తోక దగ్గరి చిన్న రెక్కలు వేగంలో కంటికి ఆనవు, అటు వెళ్ళనే వెళ్ళకండి. పైలట్ సైగ చేశాక, ఆయనకి కనిపించేట్టు ముందువైపు నుంచి వంగి నడవాలి. నేల ఏటవాలుగా ఉంటే పల్లం వైపునుంచే వెళ్ళండి. మెరకవైపు రెక్క తలకి తగిలేటంత కిందుగా తిరుగుతుంది.