ఇంటి సరకునకు వెబ్‌సైటు

పోయిన సంవత్సరము మామిడికాయల కాలమున మా కెఱిగిన యొక సోదరి కంట నీరు పెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమె కొన్ని యేండ్లుగా ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి పెట్టి యమ్ముచు, ఆ రాబడితో నిద్దఱు పిల్లల చదువులు నడపుకొనుచున్నది. ఎఱిగినవారి కుఱ్ఱవా డొకడు మునుపు ఆమెకు వెబ్‌సైటు కట్టి యిచ్చియుండెను. దాని చిరునామాను, అనగా డొమైనును, తన యీమెయిలుతో తన పేరనే కొనెను. పిమ్మట నుద్యోగమునకై పరదేశము పోయెను. వార్షిక రుసుమును జ్ఞాపకము చేయు నుత్తరములు అతని పాత యీమెయిలునకు వచ్చి, చదువువారు లేక యటులే పడియుండెను. గడువు దాటెను. సరిగా ఏప్రిలు నెలలో, సీసాల చీటీలన్నిటిమీదను అచ్చైయున్న ఆ పేరు మఱియొకరి పాలయ్యెను. “అక్కయ్యగారూ, పచ్చడి నాది, చేయి నాది, పేరు మాత్రము నాది కాదట!” అని యామె వాపోయెను.

ఆమెకొఱకు మేము కొన్ని దినములు తెలిసినవారి నడిగియు, స్వయముగా చూచియు గ్రహించిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము. పచ్చళ్లు, పొడులు, అప్పడములు, కుట్టుబట్టలు చేసి యమ్ము సోదరీమణులు మన చదువరులలో పెక్కుమంది కలరు. “ఏ కంపెనీ మంచిది?” యని వారు మమ్మడుగుచుందురు. దానికి ముందుగా మేమొక ప్రశ్న వేయుదుము: డొమైను ఎవరి పేర నున్నది?

డొమైను అంగడి గుమ్మముమీది పేరు వంటిది. దానిని ఏడాదికో, కొన్ని యేండ్లకో రుసుము చెల్లించి యుంచుకొనవలెను. గడువు దాటిన పిమ్మట తిరిగి పొందుటకు కొలది దినములు మాత్రమే వీలుండును. కావున దానిని మీ యీమెయిలుతో, మీ ఫోను నంబరుతో, మీరే కొనుడు. వెబ్‌సైటు కట్టువారు బిడ్డవంటివారైనను సరే. ఇందులో అపనమ్మకమేమియు లేదు. ఇంటి పట్టా మేస్త్రీ పేర వ్రాయించువా రుందురా?

పేరు మన చేతిలో నున్నచో దాని వెనుక నేయంగడి నైనను పెట్టవచ్చును, మార్చవచ్చును. కొలదిపాటి బేరమునకు వాట్సాప్ బిజినెస్ చాలునని మా యభిప్రాయము. ఇది 2018లో వచ్చినది. సరకుల పటములను, వెలలను చూపు పట్టిక 2019లో చేర్చబడినది. దీనికి అద్దె లేదు. డొమైను నమ్మువారిలో చాలమంది ఆ పేరును మీ వాట్సాప్ పట్టికకు మళ్లించి యిత్తురు కూడ. అందుచే సీసామీద మీ పేరే అచ్చు వేయించుకొనవచ్చును. కాని ప్రతి బేరమును చేతితో వ్రాసికొనవలెను. 2021 అక్టోబరు 4వ తేదీన వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడును ఇంచుమించు ఆఱు గంటలు నిలిచిపోయినవి. ఆ మూడింటిమీదనే యాధారపడినవా రంతసేపును చేతులు ముడుచుకొని కూర్చుండవలసివచ్చెను.

బేరములు పెరిగి, ఒకరి గోంగూర మఱియొకరికి చేరుట మొదలైనప్పుడు అద్దె యంగడి అవసరమగును. అట్టివానిలో షాపిఫై పేరుగన్నది. కెనడా దేశపు ఒటావా నగరమున 2004లో మంచుమీద జాఱు పలకల నమ్ముటకు అంగడి పెట్టినవారు, తమకు తగిన సాధనము దొరకక తామే వ్రాసికొనిరి. 2006లో దానినే యితరులకును అద్దె కిచ్చిరి. పలకలకంటె అంగడియే యెక్కువ అమ్ముడుపోయినదన్నమాట! ఇందు భద్రత, మరమ్మతు వారే చూచుకొందురు. నెలనెల అద్దె మాత్రము బేరమున్నను లేకున్నను కట్టవలసినదే.

మూడవది వర్డ్‌ప్రెస్, దానిమీద 2011లో వచ్చిన వూకామర్స్. ఇవి ఉచితము. అయితే దానము పుచ్చుకొన్న ఆవునకును మేత వేయవలెను గదా. హోస్టింగునకు సొమ్ము కట్టుట, ఎప్పటికప్పుడు క్రొత్త కూర్పులు వేయుట, నకలు దాచుకొనుట మన పనియే. ఇంట నీ పనియం దిష్టము గలవా రున్నచో ఇది మేలు. లేనిచో మేము వలదనియే చెప్పుదుము.

ఇక లెక్క. 600 రూపాయల సీసా యమ్మితిమనుకొందము. పేమెంట్ గేట్‌వేవారు నూటికి 2 రూపాయలు తీసికొన్నచో 12 రూపాయలు. దానిమీద 18 శాతము పన్ను. వెరసి 14 రూపాయల 16 పైసలు. ఇది పెద్ద భారము కాదు. నెలకు 1,500 అద్దె యనుకొన్నచో, నూఱు సీసాల నెలలో సీసాకు 15 రూపాయలు. పది సీసాల నెలలో 150! ఆవకాయ వంటి ఋతువు సరకున కిచ్చటనే దెబ్బ. చల్లని నెలల లెక్క చూడక యంగడి యద్దెకు తీసికొనరాదు.

కొరియరు సంగతి యింకను చిత్రము. చాల కొరియరు కంపెనీలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటిమీటర్లలో గుణించి 5000 చేత భాగించి, ఆ వచ్చినదియు నసలు తూకమును పోల్చి, ఎక్కువదానికి సొమ్ము తీసికొందురు. 30, 20, 20 గల పెట్టెకు 2.4 కిలోల లెక్క. సీసా పగులకుండ నెంత యొత్తు పెట్టిన నంత ఖర్చు. కావున తూకమును, దూరమును బట్టి రవాణా వెల వేయగల యంగడినే యెన్నుకొనవలెను.

కొనుటకు ముందు, పరీక్షకై వారిచ్చు దినములలో, ఎవరి సాయమును లేక మీ ఫోనులోనే కొన్ని పనులు చేసి చూడుడు. కిలో సీసా ప్రక్కన అరకిలో చేర్చుడు. వెల మార్చుడు. “సరకు అయిపోయినది” అని పెట్టుడు. కొన్నవారి పేర్లు, నంబర్లు పట్టికగా దింపుకొనుడు. ఈ కడపటిది ముఖ్యము. ఒకప్పుడు లక్షలమంది తమ పుటలు పెట్టుకొన్న జియోసిటీస్ 2009లో అమెరికాలో మూతపడినది. దాచుకొననివారి వెన్నో పోయినవి. పటములు గిఱగిఱ తిరుగు వేడుకలు మాకంతగా రుచింపవు. వానివలన పుట మెల్లగా తెఱచుకొనును, కొనువారు విసిగిపోవుదురు.

తినుబండారములకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల నంబరు చీటీమీద నుండవలెను. పచ్చళ్లు పొరుగు రాష్ట్రమునకు పంపువారు జి.ఎస్.టి. నమోదునుగూర్చి ఆడిటరు నడుగుట మంచిది.

మా సోదరి క్రొత్త పేరొకటి తానే కొని, దాని గడువు తేదీని గ్యాసు కనెక్షను నంబరున్న పుస్తకముననే వ్రాసికొనెను. ప్రస్తుతము ఆ పేరు వాట్సాప్ పట్టికకు మళ్లింపబడియున్నది. ఈ వేసవి లెక్క చూచి అద్దె యంగడి మాట తేల్చుకొనునట. అదృష్టవశమున కొరియరు రసీదు లన్నియు నొక సంచిలో దాచియుంచెను. వానిమీది నంబర్లకు ఒక్కొక్కటిగా ఫోను చేసి క్రొత్త చిరునామా చెప్పెను. మాగాయ యెండునాటికి సగముకంటె నెక్కువమంది తిరిగివచ్చిరి. పరదేశమునం దున్న ఆ కుఱ్ఱవాడును క్షమాపణ చెప్పుకొని, తన తల్లికి రెండు సీసాలు పంపుమని వ్రాసెను. ఆమె పంపెను, సొమ్ము మాత్రము ముందుగానే పుచ్చుకొనెను.