వేడినీటికి తూములు

మా బెంగుళూరు ఇళ్లలో స్నానాల గదిలో రాగి హండె, క్రింద కట్టెల పొయ్యి ఉన్న రోజులు పాఠకులలో చాలమందికి జ్ఞాపకముండే ఉంటాయి. పొయ్యి ఒకటి, హండె ఒకటి. చివర వచ్చినవాడికి గోరువెచ్చని నీళ్లే గతి. ఇంచుమించు ఇదే చిక్కు అమెరికాలో మా తమ్ముని ఇంట వచ్చిపడింది. అయితే అక్కడ స్నానానికి కాదు, ఇంటి వెచ్చదనానికి.

తమ్ముడు మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటున్నాడు. జనవరిలో అక్కడ నీళ్లు గడ్డకట్టే చలి. చాల పాత ఇళ్లలో నేలమాళిగలో ఒక బాయిలరు ఉంటుంది. అది నూనెతోనో గ్యాసుతోనో నీటిని సుమారు 180 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా మన లెక్కలో 82 డిగ్రీలదాకా కాచుతుంది. పంపు ఆ నీటిని గదిగదికీ త్రిప్పుతుంది. గోడల అడుగున రేకులు తొడిగిన రాగి గొట్టం వేడెక్కి గదిని వెచ్చబరుస్తుంది. హాలు గోడకు థర్మోస్టాటు. హాలు వెచ్చబడితే చాలు, అంతా ఆపివేస్తుంది. (గదికి విద్యుత్ థర్మోస్టాటు కనిపెట్టి 1883లో పేటెంటు పొందిన వారెన్ జాన్సన్ విస్కాన్సిన్‌లో ఒక పంతులట. చలికి వణికే తరగతిగది ఎంతపని చేయించింది!)

తంటా ఇక్కడే. మా అమ్మ క్రిందటి చలికాలం వాడింట ఉన్నది. గొట్టం ముందు మేడమీది గదులు చుట్టి, హాలు చూచుకొని, చిట్టచివర ఉత్తరపు వైపు అమ్మ గదికి చేరేది. అప్పటికి నీటి వేడి తగ్గేది. పైగా హాలు వెచ్చబడగానే పంపు ఆగేది. మేడమీద పిల్లలు ఉక్కపోసి కిటికీలు తెరిచేవారట! క్రింద అమ్మ రెండు స్వెట్టర్లు, మేజోళ్లు వేసుకొని, పగలంతా వంటింట్లో పొయ్యి దగ్గరే కూర్చునేది. కొడుకుతో ఒక్కమాట అనలేదు. మాతో ఫోనులో, "వాడితో అనకండిరా, నూనె ఖర్చు ఇప్పటికే తడిసి మోపెడవుతున్నది. నేనే ముందుగా వచ్చేస్తాను" అన్నది. మేము మాట నిలుపుకోలేదు. ఆ రాత్రే తమ్మునికి చెప్పివేశాము.

మొదట వచ్చిన మెకానిక్కు గొట్టాలలో గాలి తీసి, డబ్బు పుచ్చుకొని వెళ్లాడు. లాభం లేకపోయింది. రెండవవాడు బుద్ధిమంతుడు. గొట్టం ఒకే చుట్టుగా ఉన్నంతకాలం ఇంతే, దీనిని కోసి మూడు పాయలు చేయాలన్నాడు. ప్రతి పాయా బాయిలరు దగ్గర బయలుదేరి వేరుగా తిరిగి రావాలి. పాయకొక కరెంటు వాల్వు, ఆ భాగానికొక థర్మోస్టాటు. గది చల్లబడితే వాల్వు తెరుచుకుంటుంది, అది తెరుచుకున్న తరువాతనే పంపు, బాయిలరు కదులుతాయి. చెరువు కాలువకు మడిమడికీ తూము పెట్టినట్లన్నమాట.

ఒక్క గదికే పాయ పెడితే బాయిలరు మాటిమాటికీ వెలిగి ఆరుతుందని, అమ్మ గదితోపాటు ప్రక్క స్నానాల గదిని, చదువుకునే గదిని కలిపాడు. ఎవరూ లేని భాగమైనా 55 డిగ్రీలకు దింపవద్దనీ, గొట్టంలో నీరు గడ్డకట్టి పగులుతుందనీ హెచ్చరించాడు. ఖర్చు తక్కువేమీ కాలేదు. ఎంతయినదో అమ్మకు నేటికీ చెప్పలేదు.

అమ్మ తన థర్మోస్టాటును 72 దగ్గర పెట్టి, ఇక దీనిని ఎవరూ ముట్టుకోవద్దన్నదట. మార్చి నెలాఖరుకు గాని ఇంటికి రాలేదు. వచ్చే చలికాలానికి మళ్లీ వెళ్తానంటున్నది.