మంచుకొండల్లో చదువుల మఠాలు

మధ్యాహ్నం మూడు గంటలయ్యేసరికి లాసా పొలిమేరలోని సెరా మఠంలో చప్పట్లు మొదలవుతాయి. చెట్ల నీడన, కంకర పరిచిన ఆవరణలో ముదురెరుపు వస్త్రాలు కట్టుకున్న భిక్షువులు జంటలుగా చేరతారు. ఒకరు నేల మీద కూర్చుంటే ఇంకొకరు ఎదురుగా నిలబడతారు. నిలబడ్డ భిక్షువు కాలెత్తి నేలను తన్ని, కుడిచేత్తో ఎడమచేతిని ఫెళ్లున చరిచి ప్రశ్న వేస్తాడు. కూర్చున్నవాడు తడుముకోకుండా జవాబు చెప్పాలి. ఒప్పుకుంటున్నాను, హేతువు సిద్ధించలేదు, వ్యాప్తి లేదు... జవాబులు ఇంత పొట్టిగానే ఉంటాయి. తడబడ్డాడా, చుట్టూ ఉన్నవాళ్లు గోల చేసి ఆటపట్టిస్తారు.

చూసేవాళ్లకు ఇదో వింత. ఫోన్లు తీసి నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఆగి కాసేపు చూస్తే మాత్రం అక్కడ జరుగుతున్నది మన తర్కశాస్త్రమేనని తెలుస్తుంది. బౌద్ధ తార్కికులు దిఙ్నాగుడు, ధర్మకీర్తి నిలబెట్టిన వాదపద్ధతి అది. నలందా, విక్రమశిల శిథిలమయ్యాక ఆ చదువు హిమాలయాలకు ఆవల బతికింది. ఇవాళ్టికీ టిబెట్ మఠాల్లో మాధ్యమిక దర్శనానికి మూలగ్రంథం నాగార్జునుడి మూలమధ్యమకకారికే. ఈ మఠాలు ముందు బడులు, ఆ తర్వాతే గుళ్లు. ఆ సంగతి మనసులో పెట్టుకుని వెళ్లినవాళ్లకే టిబెట్ యాత్ర పూర్తిగా దక్కుతుంది.

తొందరపడితే తలనొప్పే

టిబెట్‌కు విదేశీయులు సొంతంగా సంచి భుజాన వేసుకుని వెళ్లడం కుదరదు. గుర్తింపు పొందిన పర్యాటక సంస్థ ద్వారా అనుమతి పత్రం తీసుకోవాలి. లాసా దాటి వెళ్లాలంటే గైడు, వాహనం తప్పనిసరి. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాధారణంగా విదేశీయులను రానివ్వరు. మన దేశం నుంచి వెళ్లేవాళ్లకు ఖాట్మండూ మీదుగా విమాన ప్రయాణం దగ్గర దారి. చైనా వైపు నుంచి వెళ్తే షినింగ్‌లో రైలెక్కవచ్చు. 2006లో మొదలైన ఈ రైలుమార్గం 5,072 మీటర్ల ఎత్తున్న తంగ్గులా కనుమను దాటి వస్తుంది.

వారం పది రోజుల యాత్రల్లో చాలావరకు లాసా, గ్యాంత్సే, షిగాత్సే, ఎవరెస్ట్ పాదంలోని రోంగ్‌బుక్ వరసలోనే తిప్పుతారు. దారి బాగానే ఉంటుంది, ఇబ్బంది పెట్టేది ఎత్తే. లాసాయే 3,650 మీటర్ల మీద ఉంది. సముద్రమట్టం దగ్గర మన ఊపిరికి అందే ప్రాణవాయువులో మూడింట రెండొంతులే అక్కడ అందుతుంది. రోంగ్‌బుక్ చేరేసరికి అది సగానికి దిగుతుంది. అందుకే దిగిన మొదటి రెండు రోజులూ లాసాలో నెమ్మదిగా నడవడం, నీళ్లు బాగా తాగడం తప్ప ఏ పనీ పెట్టుకోకూడదు. కొద్దిపాటి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, మాట తడబడుతున్నా, అడుగు తూలుతున్నా వెంటనే కిందికి దిగాలి. ఎక్కువ చోట్లు చూపిస్తామని చెప్పే ప్యాకేజీ కన్నా లాసాలో ఎక్కువ రాత్రులు ఉంచే ప్యాకేజీ మేలు.

ప్రదక్షిణల నగరం

లాసా పాతబస్తీకి గుండె జోఖాంగ్ ఆలయం. ఏడో శతాబ్దంలో టిబెట్ రాజు స్రోంగ్‌త్సెన్ గాంపో కాలంలో వెలిసింది. పన్నెండేళ్ల బుద్ధుడిగా భక్తులు కొలిచే జోవో విగ్రహం ఇక్కడే ఉంది. గుడి చుట్టూ ఉన్న బార్ఖోర్ వీధిలో తెల్లవారుజాము నుంచే ప్రదక్షిణలు మొదలవుతాయి. చేతిలో మణిచక్రం తిప్పుకుంటూ ముసలివాళ్లు, వీపున పిల్లల్ని కట్టుకున్న తల్లులు, దూరపు గడ్డిమైదానాల నుంచి వచ్చిన పశువుల కాపరులు, అందరూ కుడిచేతి వైపుగానే తిరుగుతారు. కొందరు అరచేతులకు చెక్క పలకలు కట్టుకుని అడుగడుగునా సాష్టాంగపడుతూ సాగుతారు. గుడి ముందున్న రాతిపలకలు వాళ్ల దేహాల రాపిడికి అద్దాల్లా నునుపెక్కాయి. మన గుళ్లలో పొర్లుదండాలు చూసి పెరిగినవాళ్లకు ఈ వీధి ఎవరూ వివరించనక్కర్లేకుండానే అర్థమవుతుంది.

పోతల భవనాన్ని ఐదో దలైలామా 1645లో మొదలుపెట్టించాడు. 1682లో ఆయన కన్నుమూస్తే, ఆ విషయాన్ని పదిహేనేళ్ల పాటు బయటికి పొక్కనివ్వకుండా రీజెంట్ ఎర్ర భవనాన్ని కట్టించాడు. పదమూడు అంతస్తులు, వెయ్యికి పైగా గదులు. లోపల గడిపే సమయానికి పరిమితి ఉంటుంది, జనం ప్రవాహంలో అడుగులు పడుతుంటాయి. నా మట్టుకు పోతలను లోపలికన్నా బయట, ఉదయపు ఎండలో, ప్రదక్షిణ చేసేవాళ్ల మధ్య నిలబడి చూడటమే బాగుంటుంది.

తెలుగువాళ్లు తప్పక ఆగవలసిన చోటు డ్రెపుంగ్. గెలుగ్ శాఖ స్థాపకుడు త్సోంఖాపా శిష్యుడు జమ్యాంగ్ చోజే 1416లో దీన్ని స్థాపించాడు. ఒకప్పుడు ఏడు వేల మందికి పైగా భిక్షువులతో ప్రపంచంలోనే అతిపెద్ద మఠంగా వెలిగింది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో బోధించాడని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. ధాన్యకటకం అంటే మన అమరావతి, ధరణికోట. ఆ స్థలాన్ని తలచుకునే ఈ మఠానికి పేరు పెట్టారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర నిర్వహించినప్పుడు వేలమంది టిబెటన్లు కృష్ణ ఒడ్డుకు ఎందుకు తరలివచ్చారో ఇక్కడ నిలబడితే బోధపడుతుంది.

నీలిసరస్సు దాటి

లాసా నుంచి దక్షిణపు దారిలో బయల్దేరితే మొదట యార్లుంగ్ త్సాంగ్‌పో కనిపిస్తుంది. అస్సాంలో బ్రహ్మపుత్ర అయ్యేది ఇదే. నదిని దాటి మలుపుల మీద మలుపులు తిరుగుతూ కంబా లా కనుమ ఎక్కగానే కింద యామ్‌డ్రోక్ సరస్సు ఒక్కసారిగా పరుచుకుంటుంది. 4,441 మీటర్ల ఎత్తున, కొండల సందుల్లోకి పాయలు చాచి, ఎండను బట్టి రంగు మారే నీళ్లు. టిబెటన్లకు ఇది పవిత్ర సరస్సు. కనుమ మీద అయిదు రంగుల మంత్ర పతాకాలు గాలికి రెపరెపలాడుతుంటాయి. ఆకాశానికి నీలం, గాలికి తెలుపు, అగ్నికి ఎరుపు, నీటికి ఆకుపచ్చ, భూమికి పసుపు.

ఇంకొంచెం ముందుకెళ్తే కరో లా. 7,191 మీటర్ల నోజిన్ కాంగ్‌సాంగ్ శిఖరం నుంచి దిగిన హిమానీనదం దాదాపు రోడ్డు దాకా వస్తుంది.

గ్యాంత్సేలో తీరిగ్గా ఉండాలి. అక్కడి కుంబుమ్ స్తూపం పని 1427లో మొదలైంది. తొమ్మిది అంతస్తుల్లో, అంతస్తు అంతస్తుకూ చిన్న చిన్న గుళ్లు. ప్రదక్షిణగా పైకెక్కుతూ ఒక్కో గుడిలోకి తొంగిచూస్తే గోడల నిండా నేపాల్ నేవారీ శైలి ఛాయలున్న చిత్రాలు. చీకట్లో టార్చి వెలుగు పడగానే ఒక కన్ను, ఒక ముద్ర, ఒక తామర బయటపడతాయి. పోతలలో దొరకని తీరిక ఇక్కడ దొరుకుతుంది. ఎదురుగా కొండ మీదున్న కోటను 1904లో యంగ్‌హజ్బెండ్ నాయకత్వంలో వచ్చిన బ్రిటిష్ ఇండియా సైన్యం ఫిరంగులతో పట్టుకుంది. ఆ సైన్యంలో ఎక్కువమంది మన సిపాయిలే. నాటు తుపాకులతో ఎదురునిలిచి వందలమంది టిబెటన్లు చనిపోయారు.

షిగాత్సేలోని తషిల్హున్పో మఠాన్ని 1447లో మొదటి దలైలామా గెందున్ ద్రుప్ స్థాపించాడు. తర్వాత ఇది పంచెన్ లామాల పీఠమైంది. ఇక్కడి మైత్రేయ బుద్ధుడి విగ్రహం 26 మీటర్ల ఎత్తు, 1914లో చేయించారు.

ఎవరెస్ట్ దారిలో కాస్త పక్కకు తిరిగితే శాక్య మఠం. 1073లో వెలిసిన ఈ పీఠం పదమూడో శతాబ్దంలో మంగోలుల అండతో టిబెట్‌ను ఏలింది. 1929 నుంచి 1938 మధ్య నాలుగుసార్లు టిబెట్ వెళ్లిన రాహుల్ సాంకృత్యాయన్ శాక్య, ఙోర్, షాలు మఠాల్లో వెతికి, భారతదేశంలో ఏనాడో పోయాయనుకున్న సంస్కృత తాళపత్ర గ్రంథాలను వెలుగులోకి తెచ్చాడు. ధర్మకీర్తి ప్రమాణవార్తికం అలా మళ్లీ దొరికింది. 2003లో శాక్య మఠంలోనే ఒక గోడ వెనక దాచిన వేలాది గ్రంథాలు బయటపడ్డాయి. ప్యాకేజీలో శాక్య లేకపోతే అడిగి మరీ చేర్పించుకోండి.

ఎవరెస్ట్ ముంగిట

5,000 మీటర్లు దాటిన కనుమలు ఎక్కి దిగాక రోంగ్‌బుక్ వస్తుంది. 1902లో ఙవాంగ్ తెన్జిన్ నోర్బు స్థాపించిన ఈ మఠం ప్రపంచంలోనే ఎత్తయిన మఠాల్లో ఒకటి. భిక్షువులూ భిక్షుణులూ కలిసి ఉంటారు. తెల్లటి స్తూపం వెనక చోమోలుంగ్మా, అంటే మన ఎవరెస్ట్, ఏ అడ్డూ లేకుండా పాదం నుంచి శిఖరం దాకా నిలబడి ఉంటుంది. నేపాల్ వైపు నుంచి ఇంత నిండుగా కనిపించదు. 1922, 1924 సంవత్సరాల్లో బ్రిటిష్ బృందాలు ఈ మఠంలో దీవెనలు తీసుకునే పైకి వెళ్లాయి. 1924లో మలరీ, ఇర్విన్ తిరిగి రాలేదు. మలరీ దేహం 1999లో దొరికింది. ఇర్విన్ పాదం, బూటుతో సహా, 2024లో రోంగ్‌బుక్ హిమానీనదంలో బయటపడింది.

మలావత్ పూర్ణ ఎక్కింది కూడా ఈ ఉత్తరపు దారినే. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన ఆ గిరిజన బాలిక 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే శిఖరం చేరింది. ఖమ్మం కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటే ఎక్కాడు. ఇద్దరూ సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ఆ కొండను ఇక్కణ్నుంచి తలెత్తి చూస్తే వాళ్లు చేసిందెంత పనో తెలుస్తుంది. 2019 నుంచి మామూలు పర్యాటకులను మఠం దాటి పైకి పోనివ్వడం లేదు. చెత్త పేరుకుపోవడమే కారణం. ఇది మంచి నిర్ణయం.

ఈ దారిలో చూసే గోడలన్నీ పాతవి కావు. 1959లో దలైలామా భారతదేశానికి తరలివచ్చాక, చైనా సాంస్కృతిక విప్లవం నాటికి మఠాల్లో చాలావరకు ధ్వంసమయ్యాయి. రోంగ్‌బుక్ కూడా నేలమట్టమై 1980లలో మళ్లీ లేచింది. దలైలామా ఫొటో దగ్గర పెట్టుకోవడం అక్కడ నేరం. ఆ విషయాలు గైడును అడగకండి. అడిగి వెళ్లిపోయేది మనం, ఆ తర్వాత ఇబ్బంది పడేది అతను.

టిబెట్ వెళ్లడం అందరికీ వీలు కాదు. సెరా మఠం ఇప్పుడు కర్ణాటకలోని బైలకుప్పెలోనూ ఉంది, డ్రెపుంగ్ ముండగోడ్‌లోనూ ఉంది. శరణార్థులుగా వచ్చిన భిక్షువులు అక్కడ అవే గ్రంథాలు చదువుతూ, అలాగే చప్పట్లు చరుస్తూ వాదించుకుంటారు. వెళ్లగలిగినవాళ్లు మాత్రం విమానం టికెట్టు కొనేముందు అమరావతి స్తూపం దగ్గర ఒక పూట, నాగార్జునకొండ మ్యూజియంలో ఒక పూట గడపండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.