రాజ్యం లేని రాజు

1831 అక్టోబరులో మైసూరు మహారాజు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు తన రాజ్యపాలనను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆయన ఎదిరించలేదు, సైన్యాన్ని కదిలించలేదు. అప్పటికి ఆయన వయస్సు 37 సంవత్సరాలు. మరి 36 సంవత్సరాలకు పైగా జీవించినా, ఆ అధికారం తిరిగి ఆయన చేతికి రాలేదు.

ఆ సింహాసనం కంపెనీ చలవవల్ల లభించినదే. 1799 మే 4న టిప్పు సుల్తాను శ్రీరంగపట్టణంలో నేలకొరిగాడు. ఆంగ్లేయులు మైసూరును పూర్వపు ఒడెయరు వంశానికి అప్పగించారు. జూన్ 30న పట్టాభిషేకం జరిగేనాటికి కృష్ణరాజుకు ఐదేళ్లు నిండడానికి ఇంకా రెండు వారాలున్నది. కంపెనీకి ఏటా 7 లక్షల వరహాలు చెల్లించాలి. ఆ సొమ్ముకు ముప్పు వాటిల్లితే పాలనను కంపెనీ చేపట్టవచ్చు. సంధిపత్రంలోని ఈ షరతే తరువాత ఉరితాడయింది.

బాలరాజు పక్షాన దివాన్ పూర్ణయ్య సుమారు పన్నెండేళ్లు సమర్థంగా పాలించాడు. పగ్గాలు స్వయంగా చేపట్టిన కృష్ణరాజు చేతికి ఎముక లేదు. ధనాగారం కరిగిపోయింది, సైనికుల జీతాలు బాకీపడ్డాయి. ఇంత మొత్తం రాబడి తెస్తామని ముందుగా ఒప్పుకొన్న అమిల్దారులు రైతులను పీడించారు. 1830లో, బిదనూరు అని కూడా పిలిచే నగర సీమలో రైతులు తిరగబడ్డారు. గవర్నర్ జనరల్ బెంటింక్ పాలనను స్వాధీనం చేసుకొన్నాడు.

రాజు నిర్దోషి అనలేము; శిక్ష మాత్రం దోషాన్ని మించింది. కంపెనీ నియమించిన విచారణ సంఘమే దుష్పరిపాలనను గురించిన నివేదికలలో అతిశయోక్తి ఉన్నదని 1833లో తేల్చింది. బెంటింక్ సైతం సందేహంలో పడి, 1834లో రాజ్యంలో కొంత భాగాన్ని తిరిగి ఇవ్వాలని సూచించాడు. లండన్‌లోని డైరెక్టర్లు అంగీకరించలేదు.

నాటినుంచి బెంగుళూరులో కమిషనర్లు పాలించారు. మైసూరులో రాజు పండితులనూ, చిత్రకారులనూ పోషించాడు. దేవతామూర్తుల లక్షణాలనుంచి యోగాసనాలవరకు చిత్రాలతో వివరించే 'శ్రీతత్త్వనిధి' ఆయన ఆస్థానంలో రూపొందింది. చదరంగపు ఎత్తులపైనా ఆయనకు ఎనలేని మక్కువ. రాజ్యంకోసం విజ్ఞప్తిమీద విజ్ఞప్తి పంపుతూనే ఉన్నాడు. 1857 తిరుగుబాటులో ఆంగ్లేయుల పక్షాన నిలిచినా ఫలితం దక్కలేదు.

వార్ధక్యంలో ఆయన తన కోరికను మార్చుకొన్నాడు. తనకు దక్కకపోయినా వంశానికి రాజ్యం దక్కితే చాలుననుకొని, 1865లో రెండేళ్ల చామరాజేంద్రుని దత్తత తీసుకొన్నాడు. భారత ప్రభుత్వం ఆ దత్తతను రాజ్యానికి వర్తింపజేయ నిరాకరించింది. ఎవన్స్ బెల్ వంటి ఆంగ్లేయులే రాజు పక్షాన కలం పట్టారు. చివరకు 1867లో లండన్ ప్రభుత్వం దత్తపుత్రుని హక్కును అంగీకరించింది.

1868 మార్చి 27న కృష్ణరాజు కన్నుమూశాడు. 1881 మార్చి 25న పాలనాధికారం చామరాజేంద్రునికి సంక్రమించింది. ఆ సంవత్సరమే దివాన్ రంగాచార్లు ఆధ్వర్యంలో మైసూరు ప్రజాప్రతినిధి సభ తొలిసారి సమావేశమయింది. యౌవనంలో చేజార్చుకొన్న రాజ్యాన్ని కృష్ణరాజు వార్ధక్యంలో, తాను చూడబోని ఒక రేపటికోసం, ఓర్పుతో నిలబెట్టాడు.